గీతన్న విమానమెక్కడు

పోయిన వారం అమలను మనం ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుందా? తిరుపతి బస్టాండు వెనక, తను పనిచేసే బాలచంద్ర బ్యాగుల అంగడిలో, కౌంటరు పట్టుకొని నిలబడి ఉంది. ఎదురుగా కంచిపట్టు చీరలో ఒక పెద్దామె, చేతిలో బరువైన సంచి. ఆమె సుందరవల్లి. రామానుజ వాళ్ళమ్మ. ఏ రామానుజ అంటారా? ఇంకే రామానుజ, ఏర్పేడు దగ్గర కాలేజీ ల్యాబులో పనిచేస్తూ, ఆదివారమొస్తే అలిపిరి టీకొట్టు దగ్గర అమలకోసం కాచుకొని ఉండే మన రామానుజే. "మా అమ్మతో నేనే చెప్తా, అందాకా నువ్వు నోరెత్తొద్దు" అని అమల చేత ఒట్టు వేయించుకొని, ఈ పండగ కానీ, ఆ పండగ కానీ అంటూ నాన్చుకొస్తున్న ఘనుడు.

ఆ అమ్మ ఇప్పుడు సింగపూరులో ఉన్న తమ్ముడు పరాశర్ ఇంటికి పోతోంది. ఊరికే చుట్టపుచూపుకి కాదు. అక్కడ శ్రీవేద అనే పిల్లను చూసి, నచ్చితే రామానుజకు ఖాయం చేసుకొని రావడానికి.

సుందరవల్లికి అమల ఎవరో తెలియదు. అమలకు మాత్రం ఆమె ముఖం బాగా తెలుసు. రామానుజ ఫోనులో ఎన్నిసార్లు చూసిందో! అదే ముక్కు, అదే కనుబొమల మధ్య గీత. వేరే అంగళ్ళు లేనట్టు ఈమె ఇక్కడికే రావాలా, దేవుడా!

"ఏమ్మా, విమానంలోకి తీసకపోయే చిన్న సీసాలు మీ అంగట్లో దొరుకుతాయంట గదా?" అంది సుందరవల్లి.

"దొరుకుతాయమ్మా. మీకు కింద వేసే పెట్టె ఉండాదా, చేతిసంచి ఒక్కటేనా?"

"చేతిసంచి ఒక్కటే. మా తమ్ముడు తీసినాడు టికెట్టు. నాకేం కావాలా, నాలుగు చీరలు, పూజ సామాను. సాయంత్రానికి చెన్నైకి కారులో బయల్దేరతాం. మా అబ్బాయి దించుతాడు."

"అయితే సంచి తెరవండమ్మా. లోపల ఏముండాయో సూస్తే గానీ ఏ సీసాలు కావాల్నో చెప్పలేను."

ఇది అమల రోజూ చేసే పనే. కువైటుకు పోయేవాళ్ళు, మలేసియాకు పోయేవాళ్ళు, కూతురి కాన్పుకని మొదటిసారి విమానమెక్కే అమ్మలు, అందరూ ఆ కౌంటరు మీదే సంచులు విప్పుతారు. నూనె సీసాలూ పచ్చడి డబ్బాలూ చూసి ఆమెకు నవ్వొస్తుంది. ఈరోజు మాత్రం నవ్వు రాలేదు.

మొదట బయటికొచ్చింది కొబ్బరినూనె సీసా. పెద్దది. అడుగున బొటనవేలంత ఎత్తు నూనె.

"ఇది పోనియ్యరమ్మా."

"ఎందుకు పోనియ్యరు? రవ్వంతే ఉండాది గదా! నూరు మిల్లీలీటర్లన్నాడు మా తమ్ముడు. ఇందులో దాంట్లో సగం గూడా లేదు."

"లోపల ఎంత ఉండాదని సూడరమ్మా వాళ్ళు. సీసా ఎంత పడతాదని సూస్తారు. చుక్కే ఉన్నా సీసా పెద్దదైతే పెద్దదే."

"ఇదేం న్యాయమే! మనిషి ఎంత తింటాడో చూడకుండా కడుపు కొలిచి అన్నం పెట్టినట్టుండాది," అని గొణుక్కుంటూనే చిన్న సీసా అందుకుంది సుందరవల్లి. నూనె తనే వంచుకుంది. పళ్ళపేస్టు కూడా నీళ్ళ లెక్కేనని అమల చెబితే బుగ్గ నొక్కుకుంది. తలనొప్పి బామ్ కూడానంటే, "ఇంగ నా కన్నీళ్ళు గూడా కొలుస్తారేమో!" అంది. సీకాయపొడికి, సబ్బుబిళ్ళకు ఏ గొడవా లేదని విని కొంచెం శాంతించింది.

తడిగుడ్డ చుట్టిన వెండిగిన్నె విప్పేసరికి అంగడంతా వాసన గుప్పుమంది.

"ఇది చందనం. ఈ పొద్దే అరగదీసినా. ఆ పిల్లకు పూసేదానికి," అంది సుందరవల్లి.

ఏ పిల్ల అని అమల అడగాల్సిన పని లేదు. అయినా అడిగింది.

"ఏ పిల్లమ్మా?"

"నా కోడలు కావాల్సిన పిల్ల. ఫోటోలో బాగుండాది. చదువు, సంగీతం, అన్నీ ఉండాయి. ఏం, చందనం గూడా నీళ్ళేనా?"

"ముద్ద చందనం గూడా ఆ లెక్కేనమ్మా. ఇదిగో, ఈ చిన్న డబ్బాలోకి తీసుకోండి."

తన చేత్తో తనే డబ్బా అందించింది. చూడండి మరి, లోకంలో ఏ ఆడపిల్లకైనా ఈ కష్టం వచ్చిందా? తను మనసిచ్చినవాడికి ఇంకో పిల్లను కుదర్చడానికి పోతుంటే, ఆ పిల్లకు పూసే చందనం ఒలికిపోకుండా మూత బిగించి ఇవ్వాలి! అయినా మూత గట్టిగానే బిగించింది. పనిలో మోసం చేయడం ఆమెకు చేతకాదు.

"నీళ్ళేమైనా ఉండాయామ్మా?"

"నీళ్ళా? లేవు. ఆడ దొరికినవి తాగితే పోలా."

నీళ్ళు లేవంటూనే సంచిలోంచి ఒక చిన్న చెంబు తీసి పక్కన పెట్టింది. మూతికి పసుపు గుడ్డ చుట్టి, దారంతో కట్టి ఉంది. ఆమె అబద్ధమాడలేదండోయ్. ఆ శ్రీవైష్ణవుల ఇళ్ళల్లో నీళ్ళు వేరు, తీర్థం వేరు. చారును సాత్తుముదు అనే ఇల్లు, వంటను తళిగ అనే ఇల్లు. అందులో ఉండేది నీళ్ళని ఆమెకు తోచనే లేదు.

"తీర్థం గూడా వాళ్ళకు నీళ్ళేనమ్మా," అంది అమల మెల్లగా. "కొత్త గాజు సీసా ఉండాది. ఇంతవరకు ఎవురూ వాడలేదు. మీరే పోసుకోండి, నేను ముట్టుకోను."

అని రెండు చేతులూ వెనక్కి పెట్టుకొని ఒక అడుగు జరిగింది.

సుందరవల్లి చెంబు వంచబోతూ ఆగింది. తలెత్తి అమలను కింది నుంచి పైదాకా చూసింది. ఆ చూపులో మొదటిసారి ఆప్యాయత కనబడింది.

"తీర్థమని నేను చెప్పలేదు. కనిపెట్టినావు. ముట్టుకోగూడదని గూడా తెలుసు నీకు. ఏమ్మా, మీరు మనవాళ్ళేనా?"

ఒక్క "ఊఁ" అంటే చాలు. ఆ ఒక్క ఊఁతో ఈ పెద్దామె కళ్ళల్లో ఆ ఆప్యాయత ఇంకాస్త సేపు నిలబడుతుంది. ఏ ఊరు, ఎవరి పిల్లవు అని అడుగుతుంది, రెండు మంచి మాటలు మాట్లాడుతుంది. అమలకు ఆశ పుట్టింది. పుట్టలేదంటే నేను అబద్ధం చెప్పినట్టే.

"కాదమ్మా," అంది. "మాది ఐరాల. మా నాయన గోవిందయ్య చెరుకు పెట్టి బెల్లం కాస్తాడు. మా ఇంట్లో ఆదివారమొస్తే కోడికూర."

"ఓ," అంది సుందరవల్లి. ముఖం కొంచెం ముడుచుకుంది. తర్వాత ఏమనుకుందో, "పోనీలే. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పినావు. మర్యాద తెలిసిన పిల్లవి," అని తీర్థం సీసాలోకి వంచుకుంది.

అన్నీ అయ్యాయి. అద్దంలాగా కనిపించే జిప్పు సంచిలో చిన్న సీసాలన్నీ అమల ఒద్దికగా సర్ది, గాలి తీసి, జిప్పు లాగింది. సరిగ్గా పట్టాయి. సుందరవల్లి దాన్ని పైకెత్తి మురిపెంగా చూసుకుంది. ఆ తర్వాత సంచి అడుగు నుంచి పాతకాలం ఇత్తడి పెట్టె ఒకటి తీసింది.

"ఇది ఒక్కటి మిగిలింది. ఇందులో తడిది ఏమీ లేదులే. అన్నీ పొడివే."

మూత తెరిచింది. నామానికి తెల్లటి తిరుమణి మట్టిబిళ్ళ, చిన్న డబ్బాలో ఎర్రటి శ్రీచూర్ణం పొడి, బొటనవేలి గోరంత అద్దం. వాటి పక్కన, నామం దిద్దుకునే వెండిపుల్ల. వాడివాడి మధ్యలో సన్నబడి, మొన సూదిలా తేలింది.

అమల దాన్ని ఎప్పుడూ చూడలేదు. కానీ చూడగానే తెలిసింది. దాని కథ అంతా తెలుసు ఆమెకు.

"దీనికోసమే ఈ ప్రయాణమంతా," అంది సుందరవల్లి, పుల్లను చీరకొంగుతో తుడుస్తూ. "మా అత్తగారు గోదమ్మ నన్ను చూసేదానికి వచ్చినప్పుడు ఏమీ మాట్లాడలేదు. దీంతో నా నొసట శ్రీచూర్ణం గీత పెట్టి పోయింది. అంతే, నేను ఆ ఇంటిదాన్ని అయిపోయినా. మా ఇంట్లో మాటిచ్చేది నోటితో కాదమ్మా, దీంతోనే. దీంతో ఆ పిల్ల నొసట ఒక్క గీత పెట్టినానంటే, ఇంగ తిరుగులేదు."

అని పెట్టె మూసి, చేతిసంచి పైజేబులో పెట్టింది.

ఇప్పుడు మీరే చెప్పండి, అమల ఏం చేయాలి? నోరు మూసుకుంటే చాలు. చెన్నైలో తనిఖీ చేసేవాళ్ళు ఆ మొన చూస్తారు. కూడదంటారు. పక్కనున్న డబ్బాలో పడేస్తారు. పుల్ల లేకపోతే గీత లేదు, గీత లేకపోతే మాట లేదు. శ్రీవేద నొసలు అట్లాగే ఉండిపోతుంది. అమల మీద ఎవరూ తప్పు పట్టరు. తడి సామానుకు సీసాలు అడిగింది, ఇచ్చింది. పుల్ల సంగతి ఆమెను ఎవరడిగారు?

కానీ ఆ పుల్ల ఏంటో ఆమెకు తెలుసు కదా, అదీ బాధ. చిన్నప్పుడు రామానుజ నామం పెట్టించుకోకుండా మెలికలు తిరిగేవాడట. "కదలొద్దురా, గీతన్నకు కోపమొస్తే వంకర గీత గీస్తాడు, బడిలో అందరూ నవ్వుతారు" అని నాయనమ్మ బెదిరించేదట. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆ పుల్ల పుల్ల కాదు, ఇంట్లో ఒక మనిషి. పరీక్షలకు పోయే పొద్దు, ఉద్యోగంలో చేరిన పొద్దు, నాయనమ్మ పోయిన పొద్దు కూడా రామానుజ నొసట గీసింది అదే. టీ గ్లాసు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా అతను ఆ కథ చెబుతుంటే అమల కడుపుబ్బ నవ్వింది, చివరికి కళ్ళు తుడుచుకుంది.

సుందరవల్లి సంచి భుజాన వేసుకొని మెట్టు దిగబోయింది.

"అమ్మా, ఆగండి!" అమల కౌంటరు ఇవతలికి ఉరికొచ్చింది. "గీతన్నను చేతిసంచిలో పెట్టొద్దండమ్మా! ఆ మొన సూస్తే తీసేసుకుంటారు. మళ్ళ ఇయ్యరు!"

సుందరవల్లి మెట్టు మీదే నిలబడిపోయింది.

"ఏమన్నావు?"

"మొన ఉండాదమ్మా, సూదిమాదిరి. కత్తెర్లు, బ్లేడ్లు, ఇట్లాంటివన్నీ..."

"మొన సంగతి కాదు నేనడిగేది. దాన్ని ఏమని పిలిచినావు?"

అప్పుడు తెలిసింది అమలకు తన నోట్లోంచి ఏమొచ్చిందో. వేసిన ఒట్టు, పడిన జాగ్రత్త అంతా ఒక్క మాటతో గంగలో కలిసిపోయింది.

"తీర్థమని కనిపెట్టినావు, సరే. ఊళ్ళో శానామందికి తెలుసు," అంటూ సుందరవల్లి మెల్లగా దగ్గరికొచ్చింది. "గీతన్న అనేది మా అత్తగారు పెట్టిన పేరు. ఆ పేరు మా గడప దాటలేదు. నా సొంత తమ్ముడికి గూడా తెలీదు. నీకెవురు చెప్పినారు?"

అమల తల వంచుకోలేదు. వంచుకుందామనుకుంది, చేతకాలేదు.

"ఆయనే చెప్పినాడమ్మా. మీ అబ్బాయి."

సుందరవల్లి పక్కనున్న సూట్‌కేసు మీద కూలబడింది. కొత్త సూట్‌కేసు, మనిషి కూర్చోవడానికి చేసింది కాదు, కిర్రుమంది.

"ఎట్ల తెలుసు నీకు వాడు?"

"బ్యాగు జిప్పు తెగిందని వచ్చినాడమ్మా మొదటిసారి. బాగుచేసిచ్చినా. తర్వాత ఇంకో బ్యాగు కొన్నాడు. ఆ తర్వాత ఇంకోటి..."

"ఓయమ్మ! అందుకేనా!" సుందరవల్లి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఇంట్లో అటక నిండా బ్యాగులే! ఎందుకురా ఇన్ని అంటే, ఆఫర్‌లో వచ్చినాయమ్మా అంటాడు. మా ఆయన దేవనాథన్ అయితే, వీడు సన్యాసం తీసుకొని దేశాలు పట్టి పోతాడేమోనని బెంగపెట్టుకోనుండాడు!"

నవ్వాలో ఏడవాలో తెలియక అమల నిలబడింది. సుందరవల్లికి మాత్రం నవ్వు రాలేదు. కోపం పొంగుకొచ్చింది.

"ఇంతా చేసి, నాకు చెప్పలేదు. టికెట్టు తీస్తా ఉంటే చూస్తా ఊరకుండినాడు. ఫోటో చూపిస్తే తల ఆడించినాడు. ఎందుకు చెప్పలేదు?"

"భయమంటమ్మా."

"నేనంటేనా? నేనేమన్నా పులినా?" అని అరిచి, అరుపు తనకే వినబడి తగ్గింది. చేతిసంచి జేబులోంచి ఇత్తడి పెట్టె తీసింది. పుల్లను వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు మారిపోయింది.

"నువ్వు నోరు మూసుకోని ఉండుంటే ఇది చెన్నైలో పోయుండేది. ఇది లేకుండా నేను ఆ పిల్లకు మాటిచ్చే దాన్ని కాదు. నీకు మేలే గదా? ఎందుకు చెప్పినావు?"

"నేను ఆ ఇంటికి రావాలనుకునేదాన్నమ్మా," అంది అమల. కళ్ళు నిండాయి, మాట తడబడలేదు. "ఆ ఇంటిది పోతా ఉంటే సూస్తా ఊరకుంటే, ఇంగ ఆ ఇంటికి వచ్చి ఏం చేసేది?"

సుందరవల్లి గోరంత అద్దంలో తన నొసటి గీత చూసుకుంది. ముప్పై ఏళ్ళు దాటినా, ఆ రోజు అత్తగారి చెయ్యి నొసటికి తగిలిన చల్లదనం ఆమె మరిచిపోలేదు. ఆ రోజు తననూ ఎవరూ ఏమీ అడగలేదు. చదువూ అడగలేదు, సంగీతమూ అడగలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే, చూడవచ్చినవాళ్ళను వదిలేసి లోపలికి ఉరికిందని గోదమ్మ నవ్వుకొని గీత పెట్టింది.

"కింద వేసే పెట్టెలో అయితే దీన్ని పోనిస్తారా?" అని అడిగింది చివరికి.

అంటే ప్రయాణం ఆగలేదన్నమాట. అయినా అమల ఉన్నది చెప్పింది. "పోనిస్తారమ్మా. చెన్నైలోనే కౌంటరు దగ్గర అడిగితే పెట్టె వేసుకుంటారు. చిన్న పెట్టె నేనిస్తా."

"తియ్యి."

అమల చిన్న నీలం పెట్టె తెచ్చి మూత తెరిచి పెట్టింది. సుందరవల్లి ఫోను తీసింది. "రామూ, కారు తీసినావా? నేను బస్టాండు వెనక బ్యాగుల అంగట్లో ఉండాను. ఈడికే రా." అవతల నుంచి ఏం వినబడిందో, కనుబొమలు పైకి లేచాయి. "వేరే అంగడా? ఎందుకు, ఈ అంగడికేమైంది? బిన్నా రా, ఆలస్యం చెయ్యొద్దు."

ఫోను పెట్టేసి లేచి నిలబడింది. వెండిపుల్ల అమల ముందుకు చాపింది.

"పట్టుకో."

"చెయ్యి కడుక్కోని వస్తానమ్మా..."

"పట్టుకోమన్నా గదా!"

అమల చున్నీకి చెయ్యి గట్టిగా తుడుచుకొని పట్టుకుంది. ఇంత చిన్నదానికి ఇంత బరువా అనిపించింది.

"విను. వాడు వచ్చినాక నువ్వు నోరు తెరవగూడదు. కన్ను గూడా ఆడించగూడదు. నేను వాణ్ణి ఒక్కటే అడుగుతా, ఈ పిల్ల నీకు తెలుసునా అని. తెలీదన్నాడా, గీతన్న ఈ నీలం పెట్టెలో పడుకోని నాతో సింగపూరుకు వస్తాడు. తల్లి ముందర నీ పేరు చెప్పలేనోడికి నిన్ను కట్టబెట్టి, నీ గొంతు కొయ్యలేను నేను. అది నీ మేలు కోరి చెప్తా ఉండా."

"తెలుసన్నాడంటే, అమ్మా?"

సుందరవల్లి పెదవి చివర ఏదో కదిలింది. నవ్వో కాదో చెప్పలేం.

"తెలుసన్నాడా, గీతన్న విమానమెక్కడు. నేను మా తమ్ముణ్ణి చూసుకోని వస్తా. వచ్చినాక మీ నాయన బెల్లం ఎట్ల కాస్తాడో చూసేదానికి ఐరాలకు పోదాం."

బయట కారు ఆగింది. తలుపు పడిన చప్పుడు. మెట్ల మీద అడుగులు.

రామానుజ లోపలికొచ్చాడు. నొసట సన్నటి ఎర్రగీత, చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. పైన వేలాడే బ్యాగులను చూశాడు, ఫ్యానును చూశాడు, గడియారాన్ని చూశాడు. అమల ఉన్న దిక్కు తప్ప అన్నీ చూశాడు.

"ఎందుకమ్మా నువ్వు రావడం, నేనే తెచ్చిచ్చేవాణ్ణి గదా. పోదామా? పొద్దుపోతే పుత్తూరు దగ్గర లారీలు అడ్డం పడతాయి."

"పోదాంలే. ఇంకో బ్యాగు కొంటావేమో చూసుకో. ఆఫర్ ఉండాదంట," అంది సుందరవల్లి.

పాపం, అతని ముఖం చూడాలి మీరు. చెవులదాకా ఎర్రబడిపోయింది.

"రామూ. ఇట్ల చూడు. ఈ పిల్ల నీకు తెలుసునా?"

చెప్పు, చెప్పు అని అమల ప్రాణమంతా అరుస్తోంది. నోరు తెరవకూడదు. కన్ను ఆడించకూడదు. పిడికిలి బిగిస్తే గీతన్న మొన అరచేతిలో గుచ్చుకుంది. అయినా వదల్లేదు.

రామానుజ తల్లిని చూశాడు. తెరిచి ఉన్న నీలం పెట్టె చూశాడు. అప్పుడు, మొట్టమొదటిసారి, అమలవైపు తిరిగాడు. ఆమె పిడికిట్లోంచి తొంగిచూస్తున్న వెండిపుల్ల కనబడింది. ఊపిరి బిగబట్టాడు. అతని కాలు తల్లి నిలబడిన వైపుకు కాదు, కౌంటరు వైపుకు ఒక్క అడుగు పడింది.

తెలుసు అనాలన్నా, తెలీదు అనాలన్నా మొదలయ్యేది ఒక్క అక్షరంతోనే గదా. ఇద్దరాడవాళ్ళూ ఆ నోటివైపే చూస్తున్నారు.

"తె..." అన్నాడు రామానుజ.